తొమ్మిదో వరుస

నేను ఒక నల్లరాతి పలకను. మనిషి నిలువెత్తు ఉంటాను. మొగపేట అనే జాలర్ల ఊళ్ళో, ఇసుకలో కట్టిన సిమెంటు దిమ్మెలో పాదాలు పాతుకుని, సముద్రానికి వీపు పెట్టి, ఊరికేసి మొహం పెట్టి నిలబడి ఉన్నాను. మొహం మీద పేర్లున్నాయి. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి, పేర్లు చదివి, దణ్ణం పెట్టి వెళతారు. నన్ను పవిత్రమైనదాన్ని అంటారు. అననివ్వండి, నాకేం పోయింది! నాకు మాత్రం ఎవరి మీదా నమ్మకం లేదు. దణ్ణం పెట్టే చేతుల మీద లేదు, కారే కన్నీళ్ళ మీద లేదు, ఆ మాటకొస్తే నా మీద చెక్కిన అక్షరాల మీదా చాలాకాలం లేదు. పుట్టినప్పటి నుంచీ నాకు జరిగింది వింటే మీరూ నాలాగే తయారవుతారు.

పుట్టుక అంటే ఏముంది. టెక్కలి అవతల ఒక కొండలో అందరితో కలిసి పడున్నదాన్ని. నీళ్ళు పోస్తూ రంపం వేసి కోశారు. ఆ రోజు నుంచే నేను వేరు, కొండ వేరు. నున్నగా సానబట్టి విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరుగారి ఇంటికి తీసుకెళ్ళారు. వంటింట్లో పొయ్యిగట్టు మీద పరుస్తారట. కాంట్రాక్టరుగారి భార్య వచ్చి, నా మీద చెయ్యి వేసి, వంగి, ఒక పక్కకి కన్ను పెట్టి చూసింది. నాలో సన్నటి తెల్లని జీర ఒకటుంది. పుట్టుమచ్చ లాంటిది, అంతే. అది పగులు అంది ఆవిడ. కాదమ్మా అని దుకాణంవాడు ఎంత మొత్తుకున్నా వినలేదు. పప్పు గిన్నె దించగానే రెండు ముక్కలవుతుందని తేల్చేసింది. మనుషుల అనుమానం ముందు నా మీద పడింది. నాది ఆ తర్వాతే మొదలైంది.

అక్కడి నుంచి నన్ను శంకుస్థాపన రాయిని చేశారు. మొగపేటలో జాలర్ల కోసం కల్యాణ మంటపం కడతారని, ఫలానా వారి కరకమలములచే శంకుస్థాపన జరిగిందని నా మీద చెక్కారు. ఆ కరకమలాలను నేను దగ్గర నుంచి చూశాను. తెర లాగింది వాటితోనే కదా. ఉంగరాలు తప్ప వేళ్ళు కనబడలేదు. చప్పట్లు కొట్టారు, కొబ్బరికాయ కొట్టారు, కార్లెక్కి వెళ్ళిపోయారు. మంటపం ఈ రోజుకీ రాలేదు. ఊరి బయట రోడ్డు పక్కన నేనొక్కదాన్నే నిలబడ్డాను. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను చదివి, మంటపం ఎటుందా అని అటూ ఇటూ చూసేవాళ్ళు. మేకలు నాకేసి ఒళ్ళు రుద్దుకునేవి. రాతి మీద చెక్కిందంతా నిజం కానక్కర్లేదని నాకు అక్కడే తెలిసింది. ఇక మీరెన్ని చెప్పినా నేను నమ్మను.

తర్వాత ఒక పడవ మునిగింది.

నేను రోడ్డు పక్కన ఉన్నాను కాబట్టి కళ్ళారా చూడలేదు. విన్నదే చెబుతున్నాను. ఈ ఊరి దగ్గర ఒక ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటును మొగ అంటారు. వేటకు పోయినవాళ్ళు తిరిగి రావాలంటే మొగ దాటి రావాలి. అక్కడ అల ఎటు నుంచి లేస్తుందో ఎవరికీ తెలియదు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం, చేపల కోసం బుట్టలు పట్టుకుని ఆడవాళ్ళంతా ఒడ్డున ఎదురుచూస్తుండగా, వాళ్ళ కళ్ళ ముందే పడవ బోల్తా పడింది. ఎనిమిది మంది శవాలు ఒకటొకటిగా ఒడ్డుకొచ్చాయి. ఇద్దరిని ఒడియా వాళ్ళ పడవ ఏదో ఎత్తుకుని తమ రేవుకి తీసుకుపోయింది. ఇక్కడ ఏడుపులు అయిపోతుండగా ఆ ఇద్దరూ బస్సు దిగి నడిచొచ్చారు. మిగిలినవాడు గనగళ్ళ దానయ్య. శవమూ రాలేదు, మనిషీ రాలేదు.

పోయినవాళ్ళకి గుర్తుగా ఒక రాయి నిలబెట్టాలని ఊరంతా అనుకుంది. కొత్త రాయి ఎందుకు, రోడ్డు పక్కన ఒకటి పనిలేకుండా పడుంది కదా అని కులపెద్ద సూరాడ పోలయ్య నన్ను చూపించాడు. పెకలించి, బండి మీద వేసి తెచ్చి, అటుది ఇటు తిప్పారు. సన్యాసిరావు అనే చెక్కుడు పనివాడు నా వీపును చాలా రోజులు నీళ్ళతో సానపట్టి మొహం చేశాడు. కరకమలాలవారి పేరు ఇప్పుడు సముద్రం వైపుంది. అలలు చదువుకుంటున్నాయి.

పోలయ్య సంగతి చెప్పాలి. ఆయన కూడా నా జాతివాడే, ఎవరినీ ఊరికే నమ్మడు. దానికి కారణం ఎర్రయ్య. నాకు ముందు ఈ ఊళ్ళో ఇలాంటిదే ఒక సిమెంటు స్తంభం ఉండేదట. అంతకు ముందెప్పుడో తప్పిపోయిన వాళ్ళ పేర్లు దాని మీద చెక్కించారు. ఎర్రయ్య పేరు వాళ్ళ అన్న చెప్పాడు. వాడు పోయాడనే అందరూ అనుకున్నారు. వాడు కొట్టుకుపోయి ఏదో పరాయి దేశం ఒడ్డున పడి, అక్కడివాళ్ళు పట్టి ఉంచితే ఉండి, వదిలిపెట్టాక ఇంటికొచ్చాడు. వచ్చి చూస్తే తన పేరు స్తంభం మీదుంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదట. పేరు రాతికెక్కినవాడిని ఏ పడవవాడూ ఎక్కించుకోలేదు. అపశకునం అన్నారు. ఆ స్తంభాన్ని సముద్రం తినేసినా ఆ మాట మాత్రం పోలేదు. ఎర్రయ్య ఇప్పటికీ ఒడ్డున కూర్చుని వలలు బాగు చేస్తుంటాడు, అలవైపు చూడకుండా.

అందుకే నా విషయంలో పోలయ్య ఒక కట్టుబాటు పెట్టాడు. పెళ్ళయినవాడి పేరు అతన్ని కట్టుకున్నదే నోరు విప్పి చెప్పాలి. పెళ్ళికానివాడి పేరు కన్నతల్లి చెప్పాలి. అదీ ముమ్మారు. ఇంకెవరు చెప్పినా ఉలి రాతికి తగలకూడదు.

ఈ కట్టుబాటులో ఒక చిక్కుంది. ఈ ఊళ్ళో పెళ్ళాం మొగుడి పేరు పలకదు. పలికితే వాడి ఆయుష్షు తరుగుతుందంటారు. పిలవాలంటే మావా అని పిలుస్తుంది. ఎవరైనా పేరు అడిగితే పక్కనున్న ఆడపడుచును చూపిస్తుంది. మొగుడు పోయాకే ఆ పేరు ఆమె నోటికి చెల్లుతుంది. అంటే పేరు పలకడమూ బొట్టు చెరుపుకోవడమూ ఒకటే అన్నమాట. ఆ రోజు తాటాకుల నీడలో సన్యాసిరావు గుర్తులు గీసే ఎర్రటి జాజు ముక్క పట్టుకుని నా ముందు కూర్చున్నాడు. ఒక్కొక్కతే వచ్చి చెప్పింది. ఒకతె గొణిగింది. ఒకతె గబగబా అనేసి నోరు మూసుకుంది. ఇంకొకతె చక్కగా మూడుసార్లు చెప్పి, ఆ పేరు తన గొంతులో అలా ఉంటుందని అప్పుడే తెలిసినట్టు నిలబడిపోయి, తర్వాత కూలబడి ఏడ్చింది. నాకు జాలి వేసిందని చెప్పను. చూస్తున్నాను, అంతే. ఎవరి ఏడుపులో ఎంత నీళ్ళున్నాయో లెక్కపెడుతున్నాను.

చివరికి దానయ్య పెళ్ళాం తవిటమ్మ వంతు వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నుదుట రూపాయంత బొట్టు, మోచేతుల దాకా గాజులు. అందరిలోకీ ఆ రోజు ఆమె బొట్టే పెద్దది. పోలయ్య చెప్పమన్నాడు.

"నాను సెప్పను పెద్దయ్యా," అంది. "ఎర్రయ్య మావ అల్లదిగో, కూకున్నాడు. ఆడి పేరూ సెక్కినారు గదా. ఆడు రానేదా?"

అందరూ ఎర్రయ్యకేసి చూశారు. అతను తల వంచుకున్నాడు. వెనక నుంచి దానయ్య తల్లి బంగారమ్మ ముందుకొచ్చి కొడుకు పేరు చెప్పబోయింది. పోలయ్య చెయ్యడ్డం పెట్టి ఆపాడు. కట్టుబాటు తనే పెట్టి తనే ఎలా తప్పుతాడు? సన్యాసిరావు ఎనిమిది పేర్లు చెక్కి, తొమ్మిదో వరుస ఖాళీగా వదిలి, దాని కింద తేదీ వేశాడు. పేర్లకీ తేదీకీ మధ్య నున్నగా ఉన్న ఆ జానెడు చోటు చూస్తే చదివేవాడికి ఏదో దాచారనిపిస్తుంది. నాకూ అదే అనిపించింది.

ఆ రోజు నుంచి నా ముందు కొలువు మొదలైంది. ఏటేటా పడవ మునిగిన రోజున ఒక నాయకుడు వస్తాడు. మనిషి మారతాడు, నల్ల కళ్ళద్దాలు మాత్రం మారవు. దండ వేస్తాడు. ఫోటో సరిగా రాలేదంటే తీసి మళ్ళీ వేస్తాడు. మైకు పట్టుకుని వీరిని మరువలేమంటాడు, ఆ మాట అంటూనే ఒక పేరు తప్పు చదువుతాడు. తర్వాత రెండు నిమిషాలు మౌనం పాటించమంటారు. నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఆ రెండు నిమిషాలు ఏ ఏడూ నిండలేదు. ఎవడి జేబులోనో ఫోన్ మోగుతుంది, లేకపోతే నాయకుడికే తొందర. పట్నం నుంచి వచ్చినవాళ్ళు నన్ను నిమిరి, కళ్ళు తుడుచుకుని, అదే చేత్తో నాతో కలిసి ఫోటో దిగుతారు. వాళ్ళు ఏడ్చింది ఎవరి కోసమో నాకు తెలియదు. వాళ్ళనే అడగాలనిపిస్తుంది. ఒకాయన అయితే నా నీడలో కూర్చుని పులిహోర పొట్లం విప్పుకుని, ఎంగిలి చెయ్యి నాకే తుడిచాడు. స్మారకాలు చూడటానికి వచ్చేవాళ్ళలో ఎందరు చనిపోయినవాళ్ళ కోసం వస్తారు, ఎందరు తాము బతికున్నందుకు వస్తారు?

వీళ్ళందరి కన్నా నాకు తవిటమ్మ మీదే అనుమానం. ఏటేటా అందరూ వచ్చే రోజున ఆమె రాదు. ఎవరూ లేని పూట చూసుకుని వస్తుంది. పువ్వు తేదు, అగరొత్తి తేదు, దణ్ణం పెట్టదు. చుట్టూ చూసి, అరచేయి తడి చేసుకుని నా మీద పెట్టి, పై నుంచి కిందికి నెమ్మదిగా జరుపుతుంది. అక్షరాలు తగులుతుంటే ఆగకుండా పోతుంది. తొమ్మిదో వరుస దగ్గర చెయ్యి నున్నగా జారగానే ఆగి, మళ్ళీ ఒకసారి జరిపి చూసుకుని, వెళ్ళిపోతుంది. ఇదేం మొక్కు? నేను రకరకాలుగా ఆలోచించాను. దానయ్య బతికే ఉన్నాడేమో, ఈమెకి తెలుసేమో, అందుకే పేరు పడనివ్వలేదేమో. ఊళ్ళో కూడా ఈ మాట ఉంది. వాడు వేరే పెళ్ళాంతో పోయాడని కొందరు, ఈమే ఎక్కడో దాచిందని కొందరు. అంత బొట్టు పెట్టుకుని తిరిగే ధైర్యం ఊరికే వస్తుందా అని నేనూ అనుకున్నాను.

ఒకసారి ఎర్రయ్య పక్కనే వల కుట్టుకుంటుంటే అడిగాడు, ఎందుకే తల్లీ ఆ తడుముడు అని. తనకి చదువు రాదని చెప్పింది. తనకి తెలియకుండా ఎవరైనా పేరు చెక్కించేస్తారేమోనని భయమట. ఎవరినైనా చదివి చెప్పమందామంటే నమ్మకం లేదట. చెయ్యి అబద్ధం చెప్పదు కదా అంది. అబ్బో, నా కన్నా ముదురు! ఎవరినీ నమ్మని నన్ను కూడా నమ్మకుండా, తడిమి మరీ చూసుకుంటోంది. ఆ రోజు నుంచి ఆమె అంటే నాకు కొంచెం గౌరవం ఏర్పడింది. అనుమానం మాత్రం తగ్గలేదు.

అసలు గొడవ అత్తా కోడళ్ళ మధ్య. బంగారమ్మకి కళ్ళు మసకబారుతున్నాయి. ఏటా ఆ రోజున ఊరి ఆడవాళ్ళు తమవాడి పేరుకి పసుపూ కుంకుమా రాసి, పేరుకి ఎదురుగా ఇసుకలో ఆకు పరిచి, అన్నం, వాడికిష్టమైన కూర, బీడీ కట్ట పెడతారు. కాసేపు మాట్లాడతారు. కోడి పిల్లల్ని పొదిగిందని, ఇల్లు నేయించామని చెప్పుకుంటారు. బంగారమ్మ మాత్రం చేతులు కట్టుకుని పక్కన నిలబడేది. ఆమె కొడుక్కి పేరు లేదు, పేరు లేనివాడికి ఆకు లేదు. కొడుకు పోయినందుకు ఏడవాలంటే కోడలు ఒప్పుకోదు, బతికున్నాడని సంతోషిద్దామంటే మనసు ఒప్పుకోదు. నా ఎదుటే ఎన్నోసార్లు పోలయ్యని బతిమాలింది. తను కన్ను మూసేలోపల ఆ పేరుని ఒకసారి వేలితో తడమాలని ఉందంది. ఆయన ప్రతిసారీ కోడలిని ఒప్పించుకోమనే చెప్పాడు.

ఒక ఏడు ఇక ఆగలేకపోయింది. వరుసలో ఎనిమిది ఆకులు పరిచి ఉన్నాయి. నాయకుడు వెళ్ళిపోయాడు. బంగారమ్మ చెంగు కింద నుంచి ఆకు తీసి, చివరన, ఖాళీ వరుసకి ఎదురుగా పరిచి, అన్నం పెట్టి, నెత్తళ్ళ చేపల పులుసు పోసింది. దానయ్యకి ప్రాణమట ఆ పులుసంటే. ఎవరు చెప్పారో ఏమో, తవిటమ్మ ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను చూస్తున్నాను, ఆకుని తన్నేస్తుందనుకున్నాను. అందరూ అదే అనుకుని లేచి నిలబడ్డారు. ఆమె తన్నలేదు. ఆ ఆకు ముందు చతికిలబడి, అన్నం కలిపి, తినడం మొదలుపెట్టింది. పోయినవాళ్ళకి పెట్టింది బతికున్న మనిషి తినకూడదు. ఒక ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని లాగబోయింది.

తవిటమ్మ చెయ్యి విడిపించుకుంది. "ఇది తద్దినం కూడు కాదు. మా ఇంటి కూడు. ఎవులికి ఆకలేత్తే ఆలు తింటారు," అంది. కళ్ళ నుంచి నీళ్ళు పులుసులో పడుతుంటే చివరి మెతుకు దాకా తిని, ఆకు మడిచి తీసుకుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్నారని విన్నాను.

అక్కడితో ఆగేదేమో. ఈ ఊరి మగవాళ్ళు చాలామంది వేట లేని కాలంలో గుజరాతులో వేరావల్ రేవుకి పడవ పనికి పోతారు. అక్కడ నుంచి సెలవు మీద వచ్చిన ఒకడు ఒక మాట మోసుకొచ్చాడు. అక్కడ ఒక మనిషి కనబడుతున్నాడట. దానయ్యలాగే ఎడం భుజం దించి నడుస్తాడట. మనవాళ్ళతో కలవడట, పలకరిస్తే మొహం తిప్పేస్తాడట. పక్కన ఒక ఆడమనిషి కూడా ఉందట. ఈ మాట నా ఎదురుగానే, వల ఆరేస్తూ చెప్పుకున్నారు. నేననుకున్నదే నిజమైందని లోలోపల మురిసిపోయాను. ఇప్పుడు తవిటమ్మ మొహం చూడాలని నాకెంత ఆత్రమో!

ఆమె మర్నాడు వచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఆ రోజు నన్ను తడమలేదు. ఎర్రయ్య దగ్గర కూర్చుని, రేపే పనివాళ్ళ జట్టుతో వేరావల్ పోతున్నానని చెప్పింది. అతను నసుగుతూ పక్కన ఎవరో ఆడమనిషి ఉందంటున్నారే అన్నాడు.

"ఇంకొకత్తిని కట్టుకుంటే కట్టుకోనీ మావా," అంది తవిటమ్మ. "ఊపిరున్నాది గదా. నాకది సాలు. నానక్కడ ఉండిపోను, కళ్ళారా సూసొచ్చీత్తాను."

మొగుడికి ఇంకో ఆడది ఉందంటే ఇలా సంతోషపడే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఏదో ఉందనుకున్నాను. ఇంత ప్రేమ ఉట్టిదే అయ్యుంటుంది, పైకి అలా అని అక్కడికెళ్ళి ఆ ఆడదాని జుట్టు పట్టుకుంటుంది అనుకున్నాను. నాది రాతి బుద్ధి మరి.

వెళ్ళింది. బంగారమ్మ ఆ రోజుల్లో పొద్దున్నా సాయంత్రం నా దగ్గరికొచ్చి కూర్చునేది. మసక కళ్ళతో రోడ్డుకేసి చూసేది. కొడుకుతో వస్తుందో, ఒంటరిగా వస్తుందో ఆమెకి తెలియదు. ఏది కోరుకోవాలో కూడా ఆమెకి తెలియలేదు. నేను ఆమెను కూడా అనుమానించాను, వాడు దొరకకపోతేనే బాగుండునని లోపల అనుకుంటోందేమోనని. అలా అనుకోవడం ఆమె పాలిట ఎంత నరకమో నాకు అప్పుడు తట్టలేదు.

ఒకరోజు సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, తవిటమ్మ బస్సు దిగి చేతిసంచితో నేరుగా నా దగ్గరికొచ్చింది. ఇంటికి పోలేదు. సంచి నా కాళ్ళ దగ్గర పడేసి, నాకు వీపు ఆనించి కూర్చుంది. బంగారమ్మ అక్కడే ఉంది. ఏదో దాచుకుని వచ్చిందని నేను చెవి పెట్టి వింటున్నాను. వాడు కనబడ్డాడేమో, రానన్నాడేమో, ఇప్పుడు అత్తకి ఏ అబద్ధం చెబుతుందో చూద్దామని.

"ఆడు కాదత్తా," అంది చివరికి.

తర్వాత చెప్పుకుపోయింది. మూడు రైళ్ళు మారి వెళ్ళిందట. రేవు కొసన నిలబడి ఎదురుచూసిందట. పడవ వచ్చింది. ఆ మనిషి దిగి అవతలికి నడిచిపోతున్నాడు. అదే భుజం, అదే నడక.

"ఏటని పిలవాల? మావా అని కేకేసినాను. రేవులో ఉన్న మనోళ్ళందరూ తిరిగి సూసినారత్తా. పదిమంది మావలు. ఆడూ తిరిగినాడు. మొకం ఏరు. ఆడు మనోడే కాదు, పై ఊరోడు."

బంగారమ్మ కోడలి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. తవిటమ్మ ఆ చెయ్యి వదలకుండా మళ్ళీ అందుకుంది.

"పడవ తిరగబడిన రోజు నువ్వు పేరెట్టి పిలిసినావు. నాను మావో అని అరిసినాను. నా పక్కనున్నదీ అదే అరుపు. దాని పక్కదీ అదే అరుపు. నీళ్ళల్లో ఉన్నోడికి ఎవులి పెళ్ళాం పిలత్తందో ఎలా తెలత్తది? నా నోటితో పేరెట్టి పిలిసుంటే ఇటు తిరిగేవోడేమో. ఒడ్డు ఎటున్నాదో తెలిసేదేమో. ఇన్నాళ్ళూ అదే నన్ను తినేత్తన్నాదత్తా. సచ్చిపోనాడని సెప్పడానికి ఆ పేరు నా నోట మొదటిసారి రావాలా?"

ఇదా ఆమె దాచుకున్నది! నేను ఎన్నేళ్ళు ఎన్ని రకాలుగా ఊహించానో. ఆమె వెన్ను నాకు ఆనుకునే ఉంది. ఆ వెన్ను వణుకుతుంటే నాలోని ఆ సన్నటి జీర దాకా తెలిసింది.

బంగారమ్మ మెల్లగా అంది: "నాను పిలిసినాను గదే అమ్మీ. కన్నదాన్ని. గొంతు పగిలేలా పేరెట్టే పిలిసినాను. రానేదు. పిలుపు తప్పు కాదే. సంద్రం అలాటిది."

ఆ ముసలావిడ కూడా ఆ మాటని ఇన్నాళ్ళూ గొంతులో అడ్డం పెట్టుకుని తిరిగిందని నాకు అప్పుడు అర్థమైంది. పేరు పెట్టి పిలిచినా రాని కొడుకు ఒకామెకి, పేరు పెట్టి పిలవలేకపోయిన మొగుడు ఇంకొకామెకి. ఒక్కడి కోసమే ఇద్దరూ రెండు పొయ్యిల దగ్గర విడివిడిగా ఏడ్చారు. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ ఏడుపులో ఎంత నీళ్ళున్నాయో నేను లెక్కపెట్టలేదు. చీకటి పడకముందే ఒకే సంచి చెరో చెవి పట్టుకుని ఇంటికి పోయారు.

కొన్నాళ్ళకి సన్యాసిరావు మళ్ళీ వచ్చాడు. జుట్టు నెరిసింది కానీ అదే ఉలి. నా ముందు గోనె పరుచుకుని, తొమ్మిదో వరుస మీద నీళ్ళు చల్లి తుడిచాడు. పోలయ్య వచ్చాడు, ఎర్రయ్య వల పక్కన పెట్టి వచ్చాడు, ఊరి ఆడవాళ్ళు వచ్చారు. నాయకుడు లేడు, మైకు లేదు. ఎవరూ మౌనం పాటించమని చెప్పలేదు, అయినా ఒక్కరూ మాట్లాడలేదు. తవిటమ్మ ఎప్పటిలాగే పెద్ద బొట్టుతో వచ్చింది. బంగారమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది. ముమ్మారు చెప్పాలన్న మాట పోలయ్య గుర్తు చెయ్యలేదు. ఆమెకి గుర్తుంది.

మొదటిసారి తల వంచుకుని, ఇసుకతో చెప్పినట్టు చెప్పింది. పక్కనున్న అత్తకి తప్ప ఎవరికీ వినబడలేదు. సన్యాసిరావు చెవి ఒగ్గాడు. రెండోసారి అతని కళ్ళల్లోకి చూస్తూ, ఇంటిపేరుతో సహా, గనగళ్ళ దానయ్య అని స్పష్టంగా చెప్పింది. అతను జాజు ముక్కతో నా మీద గుర్తులు గీశాడు. మూడోసారి కోసం అందరూ ఎదురుచూస్తున్నారు.

ఆమె అత్త చెయ్యి వదిలి, నన్ను చుట్టి వెనక్కి వెళ్ళింది. నా వెనక ఏముందో మీకు తెలుసు. నేను తిరగలేను, చూడలేను. నీళ్ళల్లోకి దిగుతున్న అడుగుల చప్పుడు మాత్రం వినబడింది. ఒకడు పట్టుకోవడానికి కదలబోతే ఎర్రయ్య ఆపాడు.

"దానయ్యా!"

అది చావు కబురు చెప్పే గొంతు కాదు. పొద్దుపోయింది, అన్నం చల్లారిపోతోంది, రా అని పిలిచే గొంతు. పెళ్ళయిన నాటి నుంచి పిలవాల్సిన పిలుపులన్నీ అందులో ఉన్నాయి. ఊరంతా వింది. నేనూ విన్నాను. విని ఊరుకోలేదు. ఎవరినీ నమ్మని నేను, వీపు మొత్తం చెవి చేసుకుని, నీళ్ళల్లో నుంచి ఎవరైనా పలుకుతారేమోనని ఎదురుచూశాను. పలుకుతాడనే నమ్మాను.

ఆమె కూడా ఎదురుచూసింది, వెనక్కి వచ్చే అడుగులు వినబడలేదు. ఒక అల వచ్చింది, పోయింది. ఇంకొకటి వచ్చింది.

తర్వాత తడి చీరతో తిరిగి వచ్చి సన్యాసిరావు పక్కన కూర్చుంది.

"సెక్కు, అన్నా," అంది.